చర్చి ఆవరణలోని యుద్ధ సమాధులు: రాతి మీది పేరు వెనుక జీవితాన్ని వెతికే విధానం

ఇంగ్లండ్‌లో ఏ పాత పల్లె చర్చి ఆవరణలోకి అడుగుపెట్టినా, నాచు పట్టి ఒరిగిపోయిన కుటుంబ సమాధుల మధ్య ఒకటో రెండో రాళ్లు నిటారుగా, తెల్లగా, ఒకే కొలతతో నిలబడి కనిపిస్తాయి. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 1 అడుగు 3 అంగుళాలు. పై భాగంలో పటాలం చిహ్నం, దాని కింద సైనిక సంఖ్య, హోదా, పేరు, మరణించిన తేదీ, వయసు, సాధారణంగా ఒక శిలువ ఉంటాయి. అధికారికీ సామాన్య సైనికుడికీ ఒకటే కొలత. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్, అంటే 1960 నుంచి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా పిలుస్తున్న సంస్థ, హోదాను బట్టి గాని మతాన్ని బట్టి గాని తేడా చూపకూడదన్న నియమంతో ఈ రాళ్లను నిలిపింది. బ్రిటన్‌లో ఇలాంటి సమాధులు 12,000కు పైగా చోట్ల ఉన్నాయి. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఇళ్లకు నడిచి వెళ్లేంత దూరంలోనే అలాంటి చోటు ఒకటి ఉంటుంది.

ఈ పరిశోధన మొదలుపెట్టేవారు అన్నిటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ మనిషి ఇక్కడ ఎందుకు ఉన్నాడు? విదేశాల్లో చనిపోయిన సైనికుల దేహాలను స్వదేశానికి తీసుకురావడాన్ని బ్రిటిష్ సైన్యం 1915లో నిషేధించింది. ఫ్రాన్స్‌లో నేలకొరిగినవారు ఫ్రాన్స్‌లోనే, టర్కీలోని గలీపొలీలో చనిపోయినవారు అక్కడే ఉండిపోయారు. అందువల్ల మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించి ఇంగ్లిష్ చర్చి ఆవరణలో ఉన్న సమాధి దాదాపు ఎప్పుడూ సముద్రానికి ఇవతల జరిగిన మరణానిదే. గాయాలతో ఓడ మీద వచ్చి ఆస్పత్రిలో కన్నుమూసినవారు, శిక్షణ శిబిరంలో న్యుమోనియాతో పోయినవారు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాకు బలైనవారు, విమానం నడపడం నేర్చుకుంటూ కూలిపోయినవారు, సైన్యం నుంచి విడుదలై ఇంటికి వచ్చాక క్షయతో క్షీణించినవారు ఇక్కడ ఉంటారు. యుద్ధ సమాధి అనగానే రణరంగాన్ని ఊహించుకుని బయలుదేరితే దారి తప్పుతాం. ఇంటికి దగ్గరగా జరిగిన మరణం కనుక దాని ఆనవాళ్లు కూడా ఇంటికి దగ్గరగానే, అంటే పారిష్ (ఒక చర్చి పరిధి) రిజిస్టర్‌లో, స్థానిక వారపత్రికలో, ఆస్పత్రి చరిత్రలో దొరుకుతాయి.

ఈ వ్యాసంలో ఉదాహరణగా హాంప్‌షైర్‌లోని బ్రాకెన్‌హర్స్ట్ గ్రామాన్ని తీసుకుంటున్నాను. న్యూ ఫారెస్ట్ అడవుల నడుమ ఉన్న ఈ ఊరి సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఒక మహా వృద్ధ యూ వృక్షం ఉంది. ఆ ఆవరణలోనే 93 మంది న్యూజిలాండ్ సైనికుల సమాధులు, వాటితో పాటు భారతీయుల సమాధులు కూడా ఉన్నాయి. ఇంత చిన్న ఊళ్లో అంతమంది పరదేశులు ఎందుకు ఉన్నారన్న ప్రశ్నే ఆ ఊరి యుద్ధకాల చరిత్రకు తలుపు తీస్తుంది. సౌతాంప్టన్ రేవు నుంచి రైలులో సులభంగా చేరుకోగల ఈ ఊళ్లో మొదట గాయపడిన భారతీయ సైనికుల కోసం లేడీ హార్డింజ్ ఆస్పత్రి నడిచింది. 1916 నుంచి 1919 వరకు నంబర్ 1 న్యూజిలాండ్ జనరల్ హాస్పిటల్ నడిచింది.

మొదటి అడుగు: మూడు జాబితాలు

కమిషన్ వెబ్‌సైట్‌లో సమాధి స్థలం పేరుతో వెతికితే అక్కడ నమోదైన వారందరి జాబితా వస్తుంది. దాన్ని దించుకుని, మనిషికొక వరుస చొప్పున ఒక పట్టికగా మార్చుకోవాలి. ఆవరణలో తెల్లరాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోవద్దు. చాలా కుటుంబాలు కమిషన్ రాయిని కాదని తమ సొంత రాయిని వేయించుకున్నాయి. అవి చూడటానికి మామూలు సమాధుల్లాగే ఉన్నా అధికారిక జాబితాలో ఉంటాయి.

దీనికి విరుద్ధమైన సందర్భమూ ఉంది. తల్లిదండ్రుల సమాధి మీద "వీరి కుమారుడు, 1917లో ఆరాస్ వద్ద మరణించెను" అన్న అర్థంలో ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ కొడుకు దేహం అక్కడ లేదు. అది స్మరణ మాత్రమే. ఇలాంటివాటిని రెండో జాబితాగా వేరుగా రాసుకోవాలి. ఊరి యుద్ధ స్మారకం మీద చెక్కిన పేర్లు మూడో జాబితా. ఈ మూడూ కొంత మేరకే కలుస్తాయి. ఒక జాబితాలో ఉండి మరొక దాంట్లో లేని పేరు కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ మనిషి ఈ ఊరివాడు కాదని, లేదా మరణించే నాటికి కుటుంబం వేరే ఊరికి తరలిపోయిందని ఆ తేడాయే సూచిస్తూ ఉండవచ్చు.

కమిషన్ పరిధిలోకి వచ్చే తేదీలను కూడా గుర్తుంచుకోవాలి. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన మరణాలు లెక్కలోకి వస్తాయి. కాబట్టి 1920 నాటి సమాధి కనిపిస్తే అది పొరపాటు కాదు.

రెండో అడుగు: రాతి దగ్గర

వెళ్లే ముందు పారిష్ కార్యాలయానికి ఒక మాట చెప్పడం మర్యాద. అరిగిపోయిన అక్షరాలు ఉదయమో సాయంత్రమో పక్క నుంచి ఎండ పడినప్పుడు బాగా కనిపిస్తాయి. ఎండ లేని రోజున టార్చి లైటును రాతికి ఆనించినట్టుగా పక్క నుంచి పట్టుకుంటే సరిపోతుంది. సుద్ద రుద్దడం, తీగల బ్రష్షుతో గీకడం, సబ్బు నురగ పూయడం వంటివి ఎంత మాత్రం చేయకూడదు. నూరేళ్లు నిలిచిన అక్షరం ఒక్క మధ్యాహ్నంలో చెడిపోతుంది.

ప్రతి రాయికి మూడు ఫొటోలు తీయండి: ముఖాన్ని దగ్గరగా ఒకటి, మొత్తం రాయిని ఒకటి, చుట్టూ ఉన్న సమాధులతో కలిపి ఒకటి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు గాని నా దృష్టిలో అదే విలువైనది. సైనికుడి పక్కనే అతని తల్లిదండ్రులు ఉంటే అతడు ఊరివాడు. ఒకే తరహా రాళ్లు వరుసగా ఉంటే దగ్గర్లో ఆస్పత్రో శిబిరమో విమానాశ్రయమో ఉండేదని అర్థం.

రాతి మీది ప్రతి గుర్తూ ఒక సమాచారమే. ఫెర్న్ ఆకు న్యూజిలాండ్‌ది, మేపుల్ ఆకు కెనడాది, ఉదయించే సూర్యుడు ఆస్ట్రేలియాది. న్యూజిలాండ్ సైనికుల సంఖ్యల్లో గీతకు ముందుండే అంకె దళాన్ని చెబుతుంది. 10 అయితే వెల్లింగ్టన్ పదాతిదళం, 12 అయితే ఆక్లండ్, 8 అయితే ఒటాగో, 24 అయితే రైఫిల్ బ్రిగేడ్. బ్రిటిష్ ప్రాదేశిక దళాలవారికి 1917లో కొత్తగా ఆరంకెల సంఖ్యలు ఇచ్చారు కనుక ఒకే మనిషికి రెండు సంఖ్యలు కనిపించినా కంగారు పడనక్కరలేదు.

రాతి అడుగున కుటుంబం కోరిన వాక్యం ఉండవచ్చు. దానికి 66 అక్షరాల పరిమితి ఉండేది, ఖాళీలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీల చొప్పున అడిగేవారు. బ్రాకెన్‌హర్స్ట్‌లోని న్యూజిలాండ్ రాళ్ల మీద అలాంటి వాక్యం కోసం వెతికి నిరాశ పడవద్దు. డబ్బున్న కుటుంబానికీ లేని కుటుంబానికీ తేడా రాకూడదని న్యూజిలాండ్ ప్రభుత్వం వాటిని అనుమతించలేదు. ఆ మౌనం కుటుంబాల ఉదాసీనత కాదు.

మూడో అడుగు: కమిషన్ కాగితాలు

కమిషన్ వెబ్‌సైట్‌లో ఒక్కో పేరుకు వెనుక స్కాన్ చేసిన పాత పత్రాలు జతచేసి ఉంటాయి. సమాధి నమోదు పత్రం, రాతిపై చెక్కవలసిన వివరాల పట్టిక వాటిలో ముఖ్యమైనవి. వాక్యాన్ని ఎంచుకున్న బంధువు పేరు, చిరునామా రెండో పత్రంలో దొరకవచ్చు. అది యుద్ధం ముగిసిన తరువాతి చిరునామా. చిరునామా మారిందా, భార్య ఇంటిపేరు మారి ఉందా అన్నవి గమనిస్తే, మరణం తరువాత ఆ ఇల్లు ఎటు సాగిందో తెలుస్తుంది. టైపు చేసిన అక్షరాలపై చేత్తో చేసిన దిద్దుబాట్లను కూడా యథాతథంగా నకలు చేసుకోండి.

నాలుగో అడుగు: మరణం ఎలా జరిగింది

అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసిన అడుగు ఇదే. ఇంగ్లండ్‌లో జరిగిన మరణం కనుక అది మామూలు పౌర నమోదులోనే ఉంటుంది. ఫ్రాన్స్‌లో చనిపోయినవారి విషయంలో దొరకని సౌకర్యం ఇది. మరణాల సూచికలో పేరు, త్రైమాసికం, జిల్లా చూసుకుని, జనరల్ రిజిస్టర్ ఆఫీసు నుంచి మరణ ధ్రువపత్రం తెప్పించుకోవాలి. దానిలో మరణించిన చోటు, కారణం, వృత్తి, మరణాన్ని నమోదు చేయించినవారి పేరు ఉంటాయి. నమోదు చేయించింది తండ్రి అయి, ఆ సమయంలో దగ్గర ఉన్నానని చెప్పి ఉంటే, ఆ ఒక్క గడి చాలు, ఆ చివరి గంట మన కళ్ల ముందుకు వస్తుంది.

తరువాత ఖనన రిజిస్టర్ చూడాలి. ఇంగ్లండ్ చర్చిలో 1813 నుంచి ఈ రిజిస్టర్‌ను ఒకే అచ్చు నమూనాలో నింపుతున్నారు: పేరు, నివాసం, ఖననం చేసిన తేదీ, వయసు, కర్మ నిర్వహించిన మతాధికారి సంతకం. నివాసం గడిలో ఇంటి పేరుకు బదులు ఆస్పత్రి పేరు ఉంటే మన మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. నిండిన పాత రిజిస్టర్లను సాధారణంగా కౌంటీ రికార్డు ఆఫీసుల్లో భద్రపరుస్తారు.

మరణానికి, ఖననానికి మధ్య ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టండి. రెండు మూడు రోజులే అయితే దేహం దగ్గరి నుంచి వచ్చి ఉంటుంది. వారం గడిచి, మరణించిన జిల్లా దూరంగా ఉంటే, ఎవరో రైలులో పెట్టెను సొంత ఊరికి తెప్పించుకున్నారని ఊహించవచ్చు. ఆ ఊహను పత్రిక వార్తతో పోల్చి చూడాలి.

ఐదో అడుగు: సైనిక సేవ

ఇక్కడ చాలామంది నిరుత్సాహపడతారు, దానికి కారణం ఉంది. మొదటి యుద్ధపు సామాన్య సైనికుల సేవా పత్రాలు లండన్‌లోని ఆర్న్‌సైడ్ వీధి గిడ్డంగిలో ఉండగా, 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబు దాడిలో వాటిలో సగానికి పైగా కాలిపోయాయి. మిగిలినవి బ్రిటన్ ప్రభుత్వ పత్రాగారమైన నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యుఓ (వార్ ఆఫీస్, అంటే యుద్ధ శాఖ) 363 వరుసలో ఉన్నాయి. అంచులు కాలి, నీటి మరకలతో ఉన్న వాటిని కాలిన పత్రాలనే పిలుస్తారు. పింఛను పొందినవారివి డబ్ల్యుఓ 364లో, అధికారులవి డబ్ల్యుఓ 339, 374 వరుసల్లో చూడాలి. నౌకాదళ, వైమానికదళ పత్రాలు ఈ మంటల్లో పడలేదు.

సేవా పత్రం దొరకకపోతే పతకాల సూచిక కార్డు, అంటే డబ్ల్యుఓ 372, తరువాతి ఆధారం. అయితే చర్చి ఆవరణ సమాధుల విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. సైన్యంలో చేరినా సముద్రం దాటని మనిషికి యుద్ధ పతకాలు రావు కనుక అతనికి ఆ కార్డు కూడా ఉండకపోవచ్చు. మీరు వెతికిన కార్డు కనిపించకపోవడమే అతడు శిక్షణ శిబిరం దాటలేదనడానికి ఒక సూచన అవుతుంది. గాయం వల్లో జబ్బు వల్లో విడుదలైనవారికి 1916 సెప్టెంబరు నుంచి వెండి బ్యాడ్జి ఇచ్చారు. ఆ జాబితాలో విడుదలైన తేదీ, కారణం ఉంటాయి.

సైనికుల బకాయిల రిజిస్టర్ మరొక విలువైన ఆధారం. మరణించినవాడికి సైన్యం చెల్లించవలసిన మొత్తం ఎవరికి ఇచ్చారో అందులో రాసి ఉంటుంది. తల్లికి ఇంత, అక్కకు ఇంత అని విడివిడిగా పంచిన వరుసలు చూస్తే ఎవరెవరు బతికి ఉన్నారో, తండ్రి అప్పటికే పోయాడో లేదో అర్థమవుతుంది.

న్యూజిలాండ్ సైనికుల విషయంలో పరిస్థితి చాలా మెరుగు. వారి మొదటి యుద్ధపు సేవా పత్రాలను ఆర్కైవ్స్ న్యూజిలాండ్ డిజిటల్ రూపంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది. ఏ ఓడ ఎక్కారు, ఎప్పుడు గాయపడ్డారు, ఏ ఆస్పత్రి నుంచి ఏ ఆస్పత్రికి మారారు అన్న వివరాలు తేదీలతో సహా దొరుకుతాయి. ఆక్లండ్ మ్యూజియం నడిపే ఆన్‌లైన్ సెనొటాఫ్ అనే సైనికుల వివరాల వెబ్‌సైట్‌నూ, పేపర్స్ పాస్ట్ అనే ఉచిత పాత పత్రికల భాండాగారాన్నీ దీనికి జోడిస్తే, బ్రాకెన్‌హర్స్ట్‌లో పడుకున్న మనిషి వెల్లింగ్టన్ దగ్గరి ఏ పాడి పొలం నుంచి వచ్చాడో చెప్పగలిగే స్థితికి చేరవచ్చు.

రెండో యుద్ధపు సమాధులు చాలా చోట్ల వైమానికులవి. దళపు రోజువారీ నివేదికలు నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఎయిర్ 27 వరుసలో, ప్రమాదాల దస్త్రాలు ఎయిర్ 81 వరుసలో ఉన్నాయి. సైన్యపు సేవా పత్రాలు 2022 నుంచి రక్షణ శాఖ నుంచి నేషనల్ ఆర్కైవ్స్‌కు తరలుతున్నాయి.

ఆరో అడుగు: ఇల్లు, ఊరు, పత్రిక

సైనిక పత్రాలు మనిషిని ఒక సంఖ్యగా చూపిస్తాయి, జనగణన అతణ్ణి ఒక ఇంట్లో కూర్చోబెడుతుంది. 1911 జనగణన పత్రాన్ని ఇంటి పెద్ద స్వయంగా నింపాడు. ఆ దస్తూరీ ఆ తండ్రిది కావచ్చు. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎందరు పిల్లలు పుట్టారు, ఎందరు బతికారు అన్న గడులు కూడా అందులో ఉన్నాయి. 1921 జనగణనలో పదిహేనేళ్ల లోపు పిల్లల పక్కన తండ్రి చనిపోయాడా అన్న గడి ఉంది. యుద్ధ సమాధి మీద పేరున్న మనిషి బిడ్డ ఎదురుగా ఆ గడి నిండి ఉండటం చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. 1931 జనగణన అగ్నిప్రమాదంలో పోయింది, 1941లో జనగణన జరగలేదు. రెండో యుద్ధం వారికి 1939 సెప్టెంబరు 29న తీసిన రిజిస్టరే దిక్కు. 1918, 1919 నాటి గైర్హాజరు ఓటర్ల (ఊరికి దూరంగా సేవలో ఉన్న ఓటర్ల) జాబితాలు మిగిలి ఉన్న జిల్లాల్లో, ఇంటి చిరునామా పక్కనే సైనిక సంఖ్య, దళం దొరుకుతాయి. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

స్థానిక వారపత్రికల కోసం బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లోనూ, అక్కడ లేనివాటికి కౌంటీ గ్రంథాలయంలోని మైక్రోఫిల్ముల్లోనూ వెతకాలి. పేరుతో వెతికి దొరకకపోతే మానేయవద్దు. పాత అచ్చును కంప్యూటరు తప్పుగా చదువుతుంది. ఖననం తేదీ తెలుసు కనుక ఆ తరువాతి రెండు మూడు సంచికలను ఓపికగా పేజీ పేజీ తిప్పండి. ఊరేగింపులో ఎవరు నడిచారు, తుపాకులు పేల్చి వందనం చేశారా, పూలమాలలు ఎవరు పంపారు, అతడు ఏ దుకాణంలో పనిచేసేవాడు, ఏ జట్టులో ఆడేవాడు అన్న వివరాలు ఆ వార్తల్లోనే ఉంటాయి. ఏడాది తరువాత అదే తేదీకి కుటుంబం వేయించిన స్మరణ ప్రకటన కోసం కూడా చూడండి.

కాగితం లేని మనుషులు

బ్రాకెన్‌హర్స్ట్ ఆవరణలో సుఖా అనే భారతీయుడి సమాధి ఉంది. రాతి మీది వాక్యాల ప్రకారం అతడు బరేలీ నగరంలోని గంగాపూర్ మొహల్లా వాసి. సామాన్య సేవకుడిగా లేడీ హార్డింజ్ ఆస్పత్రిలో సేవచేసి, 1915 జనవరి 12న 30 ఏళ్ల వయసులో మరణించాడు. అతడు క్రైస్తవుడు కాడని ఆ రాయే చెబుతుంది. దాన్ని ఆ పారిష్ ప్రజలే వేయించారు. దళిత కులంవాడు కనుక హిందువులు దహనానికి ఒప్పుకోలేదని, ముస్లిం శ్మశానంలోనూ చోటు దొరకలేదని, చివరికి ఊరి మతగురువు తన చర్చి ఆవరణలో చోటిచ్చాడని ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉంది. రాతి మీద ఉన్నది ఒక రకం ఆధారం, నోటి మాటగా వచ్చింది మరొక రకం. రెండింటినీ రాయవచ్చు గాని, ఏది ఏదో పాఠకుడికి తెలిసేలా వేరు చేసి రాయాలి.

సుఖా వంటి సేవకుల గురించి సేవా పత్రం, జనగణన, పత్రిక వార్త వంటివి దొరకడం అరుదు. వారి కోసం బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులలో భారతీయ ఆస్పత్రుల నివేదికలనూ, సైనికుల ఉత్తరాల నుంచి సెన్సార్ అధికారులు తీసిన భాగాలనూ చూడాలి. ఆసియా, ఆఫ్రికాలకు చెందిన మృతులలో కనీసం 1,16,000 మందిని పేరుతో గాని, అసలే గాని స్మరించలేదని కమిషన్ నియమించిన సంఘమే 2021లో నివేదించింది. ఆ నివేదిక చదివాక సుఖా రాయి ముందు నిలబడితే దాని బరువు వేరుగా తెలుస్తుంది.

తెలుగు నేల నుంచి వెతికేవారికి

ఇదే పద్ధతిని తిరగేసి వాడుకోవచ్చు. మన కంటోన్మెంట్లలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల ఖననాలు మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి నివేదికలలో ఉన్నాయి. బ్రిటిష్ లైబ్రరీలో అది ఎన్ 2 వరుస. శాశ్వతంగా చూసుకోవడం సాధ్యం కాని చోట్ల ఉన్న రెండో యుద్ధపు సమాధులను చెన్నైలో 1952లో ఏర్పాటు చేసిన మద్రాస్ వార్ సెమెటరీకి తరలించారు. మొదటి యుద్ధపు వారి పేర్లను అక్కడి స్మారకం మీద చెక్కారు. కాబట్టి పేరు చెన్నైలో కనిపించినా, దేహం పాత కంటోన్మెంట్ శ్మశానంలోనే ఉండి ఉండవచ్చు.

పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం వంటి ఊళ్ల నుంచి వెళ్లిన మనవారి కోసం కమిషన్ జాబితాలో వెతికేటప్పుడు, ఇంటిపేరుతో కాకుండా తండ్రి పేరుతో, ఊరి పాత పేరుతో వెతకాలి. కాకినాడను కోకనాడగా, విజయవాడను బెజవాడగా, విశాఖపట్నాన్ని విజగపటంగా రాసిన రోజులవి. ఒక్క "అప్పన్న" పేరునే గుమాస్తా నాలుగు రకాలుగా రాసి ఉండవచ్చు. అన్ని రకాలనూ ప్రయత్నించండి.

చివరి అడుగు: రాయడం, సరిదిద్దడం, అప్పగించడం

ఒక మనిషి కథను ఖాయం చేసే ముందు కనీసం రెండు స్వతంత్ర ఆధారాలు ఒకే మాట చెప్పాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఒక వంశవృక్షపు వెబ్‌సైట్ మరొకదాని నుంచి నకలు చేస్తే అవి రెండు ఆధారాలు కావు. వయసులు నమ్మదగినవి కావు. చేరడానికి వయసు పెంచి చెప్పిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. మారుపేరుతో చేరినవారూ ఉన్నారు.

ఆత్మహత్య, క్రమశిక్షణ నేరం, లైంగిక వ్యాధి వంటివి పత్రాల్లో బయటపడతాయి. దాచడం చరిత్రకు అన్యాయం, సంచలనంగా రాయడం ఆ మనిషికి అన్యాయం. కారణాన్ని ఒక్క వాక్యంలో, విశేషణాలు లేకుండా చెప్పి ముందుకు సాగాలి. మనవలు, మునిమనవలు ఆ ఊళ్లోనే ఉంటే అచ్చు వేయకముందే వారికి చూపించండి. బతికి ఉన్నవారి వివరాలు ఏవీ రాయవద్దు.

రాతి మీద తప్పు కనిపిస్తే ధ్రువపత్రం, ఖనన నమోదు నకళ్లతో కమిషన్‌కు రాయవచ్చు. జాబితాలో లేకుండా పోయిన సైనికుడి విషయంలోనూ అంతే. తగిన కాలంలో మరణించాడనీ, సైన్యం వదిలాక చనిపోయినవాడైతే సేవ వల్లనే ఆ జబ్బు వచ్చిందనీ పత్రాలతో రుజువు చేయగలిగితే, ఇన్నేళ్ల తరువాత కూడా అతని సమాధికి గుర్తింపు వస్తుంది. మీరు రాసిన పుటలను ఒక ప్రతి చర్చికి, ఒక ప్రతి కౌంటీ రికార్డు ఆఫీసుకు ఇవ్వండి. ప్రతి పుట అడుగున ఏ పత్రం ఏ వరుసలో దొరికిందో, ఏ తేదీన చూశారో రాయండి. జవాబు దొరకని ప్రశ్నలకు చివర ఒక ఖాళీ పుట కేటాయించండి. ఆ పుటను నింపగల ఉత్తరమో ఫొటోనో ఊళ్లో ఎవరి ఇంటి అటక మీదో ఉండవచ్చు.